ఉల్లిపొరకి కొసరు

మొన్న మా మనవరాలు ఫోనుకి చిన్న అద్దం తగిలించుకుని వచ్చి, పులుసుకి నేను తరుగుతున్న ఉల్లిపాయలోంచి ఒక పొర లాక్కుపోయింది. కాసేపటికి "చూడు అమ్మమ్మా" అంటూ తెర చూపించింది. ఇటుకలు పేర్చినట్టు వరసలు వరసలుగా గదులు. ఆ గదుల గోడలు చూపించి "కణకవచాలు" అని నేను ఠక్కున అనేసరికి అది నోరు తెరిచింది. ఉల్లిపాయలమ్మిన కొంపలో పుట్టినదాన్ని, ఆ మాత్రం తెలియదా అన్నాను. గొప్పకి అన్నాను గానీ కళ్ళు మండాయి. నేరం పాయ మీదికి తోసేశాను.

డెబ్బైల చివర్లో పూర్ణా మార్కెట్లో మాది ఉల్లిపాయల కొట్టు. అమ్మ తక్కెడ పడితే బేరాలు నేను తెంచేదాన్ని. సగానికి అడిగినవాళ్ళని ముప్పావుకి తేవడం నాకు ఎక్కాలకంటే ముందొచ్చింది. నేను పదో తరగతిలో ఉండగా మా సైన్సు మేడం మైక్రోస్కోపు ప్రయోగాలకి పాయలు కావాలని మా కొట్టుకే వచ్చారు. భర్తకి పోర్టులో ఉద్యోగమై గోదావరి వైపు నుంచి వచ్చినావిడ. అమ్మ డబ్బులు పుచ్చుకోలేదు. "ఏడాదంతా నానిత్తాను మేడంగారూ. కొసరుగా ఓపాలి నాకూ ఆ అద్దంలో సూపించండి. పుట్టినకాడ్నించి ఈటితోనే బతుకు, లోపలేటుందో నానెరగను." మేడం నవ్వి, బడిలో సైన్సు ఎగ్జిబిషన్ రోజున తప్పకుండా రమ్మన్నారు.

నేను మాత్రం పాయ తెచ్చినదాన్ని కాబట్టి ముందు నేనే చూడాలని ప్రతిసారీ తగవుపెట్టుకుని చూసేదాన్ని. అయొడిన్ చుక్క పడితే గదికో కేంద్రకం తేలేది. మిగతా గదంతా నీళ్ళసంచిలాంటి రిక్తిక. ఇంకోరోజు అగ్గిపుల్లతో నా బుగ్గ లోపల గీకి చూపించారు. గోడల్లేవు. పల్చటి త్వచంతో, విరిగిన అప్పడాల్లా ఎటుపడితే అటు. ఇంటికొచ్చి చెబితే అమ్మ తక్కెడ ఆపేసింది.

"మనకి గోడల్లేవేటే? మరెలగ నిలబడతన్నామే?"

"నువ్వే సూసుకుందుగానిలే" అన్నాను.

ఎగ్జిబిషన్ రోజున మైక్రోస్కోపు దగ్గర నిలబడి వివరించే పని నాది. చుట్టూ ఆఫీసర్ల పిల్లలు. మాది బిజినెస్ అనీ, పాయలు మా వంటింట్లోవనీ వాళ్ళకి చెప్పుకున్నాను. కిటికీలోంచి చూద్దును కదా, గేటు దగ్గర అమ్మ! నున్నగా దువ్వుకున్న జుట్టులో ఒక ఎర్రటి పొట్టు, చేతిలో గుడ్డలో చుట్టిన పెద్ద పాయ. పరిగెత్తాను.

"అద్దం పగిలిపోనాదే అమ్మా!"

"అయ్యో! మేడంగారెంత బాధపడతన్నారో. ఇంక నానడగనని సెప్పు." పాయ నా చేతిలో పెట్టింది. "ఏరి తెచ్చేను, ఎందుకేనా పనికొత్తాది."

లోపల మేడం మెల్లగా "మీ అమ్మగారు రాలేదేం?" అంటే, "బేరాల వేళండీ" అన్నాను. మార్కెట్లో ఏ దళారీకీ రెండువైపులా అంత నున్నగా కుదిరి ఉండదు. అమ్మ తెచ్చిన ఆ పాయ పొరనే సాయంత్రం దాకా అందరూ వంగి వంగి చూశారు.

ఏడాది చివరిదాకా అమ్మ పాయలు పంపుతూనే ఉంది. కొత్త అద్దం వచ్చిందా అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. మేడం నొచ్చుకుంటారనుకుందో, నా ముఖమే చదివేసిందో, అమ్మ పోయేదాకా నేనూ అడగలేదు.

మనవరాలు ఫోను నా ముందే వదిలేసి ఆటలకి పోయింది, ఎంతసేపైనా చూసుకోవచ్చు. అమ్మకి కావలసింది అర నిమిషం. అది ఇవ్వకుండా పంపేశాక నా చేతికొచ్చిన ఇన్నేళ్ళలోనూ, ఆ అర నిమిషాన్ని తిరిగి పెట్టే చోటు దొరకలేదు.