కొంగల కాళ్లకు కడియాలు

పక్షిప్రేమికులు అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇందులో పక్షుల తప్పేమీ లేదు. డెబ్భైల చివర నాలుగేళ్లపాటు హనుమకొండలో ఒక పక్షి సంరక్షణ సొసైటీలో టైపిస్టుగా పనిచేశాను. పక్షుల్ని కాపాడేవాళ్లను అంత దగ్గరగా, అన్ని రోజులు చూసినదాన్ని. ఆ మాత్రం మంట ఉండటం న్యాయమే.

మాది వరంగల్‌లో మగ్గాల ఇల్లు. నేను కూడా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతకకూడదని అమ్మ పట్టుబట్టి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించింది. ఇంగ్లీషు టైపు లోయర్ పరీక్ష పాసయ్యాక ఎవరో చెబితే ఈ సొసైటీకి వెళ్లాను. "పక్షులంటే ఇష్టమేనా అమ్మా" అని ప్రెసిడెంటు గారు అడిగారు. ఇంట్లో కోడికూర వండిన రోజున తప్ప నాకు పక్షులతో పెద్దగా పరిచయం లేదు. ఇష్టమేనన్నాను. మర్నాటి నుంచి రమ్మన్నారు.

ఆఫీసంటే సైకిల్ షాపు మీద రెండు గదులు. గోడకు రంగుల పక్షుల పటం, అద్దాల బీరువాలో దూది కుక్కిన గుడ్లగూబ. నేను చేరిన నెలలోనే వెంటిలేటర్‌లో ఒక పిచ్చుక గడ్డి పేర్చడం మొదలుపెట్టింది. ఫైళ్ల మీద చెత్త పడుతోందని సెక్రటరీ గారు స్టూలు వేయించి మరీ దాన్ని పీకించారు. అప్పుడు నా మిషన్ మీద ఉన్న కాగితం, పక్షుల గూళ్లు చెదరగొట్టవద్దని బడిపిల్లలకు సొసైటీ చేస్తున్న విజ్ఞప్తి. నేను టైపు ఆపి ఆయన వైపు చూశాను. ఆయనకేమీ తట్టలేదు.

ప్రెసిడెంటు గారు రిటైరైన పెద్ద అధికారి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ జిల్లాలో ఆయన తుపాకీ చప్పుడు వినని చెరువు లేదంటారు. ఇంటి హాలులో దుప్పి తల ఇంకా వేలాడుతుండేది. మోకాళ్లు పట్టేశాక ఆయనకు జీవకారుణ్యం పుట్టుకొచ్చింది. తుపాకీ దించి మెడలో దుర్భిణి వేసుకున్నారు. ఏ పక్షిని చూపించినా ముందు దాని రుచి చెప్పేవారు, ఆ తర్వాత ఇంగ్లీషు పేరు చెప్పేవారు.

సెక్రటరీ గారు కాలేజీలో జువాలజీ లెక్చరర్. ఆయనకు పక్షుల కన్నా పక్షుల పుస్తకం మీద ప్రేమ ఎక్కువ. చెరువు కట్ట మీద నిలబడి ఏదన్నా ఎగిరితే, వెంటనే తలవంచి పుస్తకంలో వెతికేవారు. పేజీ దొరికి తల ఎత్తేసరికి ఆ పక్షి ఏ స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరో ఉండేది. అయినా రిజిస్టర్‌లోకి ఎక్కేది. హైదరాబాద్‌లో జరిగే ఏదో ఒక పెద్ద సభలో పరిశోధన పేపరు చదవాలన్నది ఆయన జీవితాశయం. నెలకోసారి కమిటీ మీటింగు జరిగేది. మిర్చిబజ్జీలు తెప్పించేవారు. బజ్జీలు అయిపోయేసరికి పక్షుల భవిష్యత్తు కూడా తేలిపోయేది.

మా సొసైటీకి పేరు తెచ్చింది మాత్రం వీళ్లెవరూ కాదు. రఘునాథపల్లిలో బస్సు దిగి మూడు మైళ్లు నడిస్తే ఒక పల్లె వస్తుంది. ఆ ఊరి చివర ఐదు చింతచెట్లు ఉండేవి. ఏటా చలి తగ్గే వేళకు ఎర్రకాళ్ల కొంగలు వచ్చి వాటి మీద గూళ్లు కట్టేవి. గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, వానల ముందు ఎగిరిపోయేవి. అవి ఉన్నన్నాళ్లూ ఊరంతా చేపల కంపు. చింతపండు చేతికి రాదు. చెట్లు కొట్టేద్దామని ఊళ్లో రెండుసార్లు గొడ్డళ్లు తీశారు. రెండుసార్లూ ఒక కూలిమనిషి అడ్డం పడ్డాడు. "ఇయ్యి మన ఊరికి పురిటికొచ్చినయి. ఎల్లిపొమ్మంటమా? వీటి మంచిచెడ్డలు నా మీద ఇడిసిపెట్టుండ్రి" అని పెద్దమనుషుల ముందు మాటిచ్చాడు. ఆయన మాట మీదే చెట్లు నిలిచాయి.

అదంతా అయిపోయాక మావాళ్లు వెళ్లి అక్కడ బోర్డు పాతారు. బోర్డు మీద సొసైటీ పేరు చెయ్యెత్తు అక్షరాలతో ఉండేది. ఆయన్ని వాచ్‌మన్‌గా పెట్టుకుని ఒక ఖాకీ చొక్కా ఇచ్చారు. అప్పటి నుంచి ఊళ్లో ఆయన పలుకుబడి అంతా ఆ చొక్కాతో ముడిపడిపోయింది. ఆ పని పోతే ఆయన మాట పోతుంది, మాట పోతే చెట్లు పోతాయి. ఈ సంగతి మా ఆఫీసులో ప్రతి ఒక్కరికీ తెలుసు. నాకైతే అందరికన్నా బాగా తెలుసు, ఎందుకంటే ఆయన వచ్చినప్పుడల్లా కూర్చునేది నా టేబుల్ ముందున్న బల్ల మీద.

ఆయనకు చదువు రాదు. గూటికొక చింతగింజ చొప్పున రుమాలులో మూటకట్టి తెచ్చేవాడు. నేను గింజలు లెక్కపెట్టి అంకె వేసేదాన్ని. మహా మొండిమనిషి. చెప్పిందే చెప్పేవాడు, బీడీ మీద బీడీ కాల్చేవాడు, వద్దంటే వినేవాడు కాదు. కానీ ఆ ఆఫీసులో నిజంగా పక్షుల్ని చూసిన మనిషి ఆయనొక్కడే. నన్ను బిడ్డా అనేవాడు. నేను కాకా అనేదాన్ని.

ఒక ఏడాది సెక్రటరీ గారు ఎక్కడికో రాసి అల్యూమినియం రింగులు తెప్పించారు. నంబరు కొట్టిన రింగును పిల్ల కాలికి తొడిగితే, తర్వాత అది ఎక్కడ దొరికినా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుందట. హైదరాబాద్ సభకు పేపరు కుదిరింది. మార్చి నెలాఖరున జీపు మాట్లాడుకుని అందరం బయలుదేరాం. నంబర్లు రాసుకోవడానికి నన్నూ తీసుకెళ్లారు.

ప్రెసిడెంటు గారికి వేపచెట్టు నీడలో కుర్చీ వేశారు. కల్లు కోసం తాళ్లెక్కే మనుషులిద్దరు చింతచెట్లెక్కి, పిల్లల్ని గంపల్లో పెట్టి తాడుతో దించుతున్నారు. అవి బెదిరిపోయి మింగిన చేపలన్నీ సెక్రటరీ గారి బూట్ల మీదే కక్కాయి. ఆరోజు నాకు సంతోషం కలిగించింది అదొక్కటే. పైన తల్లులు ముక్కులు టకటకలాడిస్తూ తిరుగుతున్నాయి. సెక్రటరీ గారు పటకారుతో మొదటి రింగు నొక్కబోతుంటే వాచ్‌మన్ ముందుకొచ్చాడు.

"సారూ, కడియం కింద పెట్టకుండ్రి. ఎండలు ముదిరినంక ఇయ్యి తమ కాళ్ల మీద తామే రెట్టేసుకుంటయి. సల్లగుంటదని. కింద కడియముంటె అండ్ల పేరుకపోయి సున్నం లెక్క గట్టిపడతది. పెట్టాల్నంటె మోకాలు మీద పెట్టుండ్రి."

సెక్రటరీ గారు పుస్తకం తెరిచి బొమ్మ చూపించారు. బొమ్మలో రింగు కిందే ఉంది. ఆ పుస్తకం రాసినవాళ్ల దేశంలో మే నెల ఎట్లా ఉంటుందో ఆయన ఆలోచించలేదు. "దీంట్ల గిట్ల ఉన్నది. నువ్వు గంప పట్టుకో చాలు" అన్నారు.

"నేను సూత్తాన గద సారూ, పదేండ్ల సంది."

"ఏం చూస్తున్నవయ్యా, కొంగల పాయఖానాలా?" అన్నారు ప్రెసిడెంటు గారు కుర్చీలోంచి. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అబద్ధం చెప్పి ఏం లాభం, బాగానే నవ్వాను. ఆయన తలవంచుకుని గంప పట్టుకున్నాడు. సాయంత్రానికి అరవై రింగులు అయిపోయాయి.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆయన గోనెసంచీతో మెట్లెక్కి వచ్చాడు. ఆఫీసంతా కంపు. సంచీ నేల మీద పెట్టి, రుమాలు విప్పి సెక్రటరీ గారి టేబుల్ మీద రింగులు కుమ్మరించాడు. ఆయన చెప్పినట్టే జరిగింది. ఎండకు కొంగపిల్లలు కాళ్ల మీద రెట్టలు వేసుకున్నాయి. అవి రింగుల్లో గడ్డకట్టి కాళ్లు వాచిపోయాయి. నిలబడలేక కొన్ని గూళ్లలోనే కూలబడ్డాయి, కొన్ని కిందపడి చచ్చాయి. ఆయన తాళ్లెక్కేవాళ్లను బతిమాలి మళ్లీ చెట్లెక్కించాడు. అందినవాటి కాళ్లు నీళ్లతో నానబెట్టి, రింగులు ఒక్కొక్కటే కత్తిరించి తీశాడు. తీసినవి చాలావరకు బతికాయి.

"తెప్పరిల్లినయి సారూ. జర కుంటుతానయి గని, ఎగురుతయి" అన్నాడు. మెచ్చుకుంటారనుకున్నాడు, పాపం. సంతోషం మొహంలో దాగడం లేదు.

సెక్రటరీ గారు రిజిస్టర్ తెప్పించి రింగుల నంబర్లు ఒక్కొక్కటే టిక్కు పెట్టుకున్నారు. "నలభై ఏడు ఏది?" అని అడిగారు చివరికి.

వాచ్‌మన్ సంచీ మూతి విప్పి చూపించాడు. నలభై ఏడు చచ్చిన పిల్ల కాలికే ఉంది. కాలు సున్నపు ముద్దలా ఉంది.

"నిన్ను రింగులు ఎవరు తియ్యమన్నరు?" అన్నారు సెక్రటరీ గారు. ఆయన గొంతు వణికింది. ఆ వణుకు పిల్ల కోసం కాదు, పేపరు కోసం. "నంబర్లన్నీ ఖరాబు చేసినవ్. ఇప్పుడు సభల ఏం చెప్పాలె నేను?"

వాచ్‌మన్ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. నేను మిషన్ మీద కాగితం సర్దుకుంటున్నట్టు నటించాను.

మర్నాడు ప్రెసిడెంటు గారు, సెక్రటరీ గారు తలుపు వేసుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. బయటికొచ్చి నాకు డిక్టేషన్ ఇచ్చారు. వాచ్‌మన్ ఎవరి అనుమతీ లేకుండా గూళ్లలో చెయ్యి పెట్టాడు. పిల్లల్ని బెదరగొట్టాడు. అందువల్లే అవి చచ్చిపోయాయి. ఈ తప్పు ఒప్పుకుని ఆయన తనంతట తానే పని మానుకుంటున్నాడు. ఇదీ ఆయన స్టేట్‌మెంట్. "పాపం ముసలాయన, పోలీసుల దాకా పోనియ్యొద్దు" అన్నారు ప్రెసిడెంటు గారు, పెద్ద దయ చూపినట్టు. సిగ్గులేని మనుషులు.

ఆ స్టేట్‌మెంట్ ఇంగ్లీషులో మూడు కాపీలు కొట్టింది నేనే. నా జీతం మీదే ఇల్లు నడుస్తోందని చెప్పుకోవచ్చు, నడిచేది కూడా. కానీ ఆ పూట నాకు ఇల్లు గుర్తుకు రాలేదు. ఒకచోట అక్షరం తప్పు పడితే ఆ కాగితం చించి మళ్లీ శుభ్రంగా కొట్టాను.

సోమవారం ఆయన వచ్చాడు. ఖాకీ చొక్కా ఉతికి వేసుకొచ్చాడు. పెద్దవాళ్లిద్దరూ లోపలి గదిలో ఉన్నారు. వేలిముద్ర తీసుకునే పని నాకు అప్పజెప్పారు. స్టాంపు ప్యాడ్ తెరిచి కాగితం ముందుకు జరిపాను.

"గీ కాయితంల ఏమున్నది బిడ్డా?"

"నువ్వు చెప్పిందే ఉన్నది కాకా."

"రెట్ట సంగతి ఉన్నదా? మోకాలు మీద పెట్టుమన్న, గది?"

"ఉన్నది."

"నువ్వు రాసినవంటె ఇంక నాకేం ఫికర్" అని ఎడమ బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కాడు. మూడు కాపీల మీదా నొక్కాడు.

వాచ్‌మన్ స్టేట్‌మెంట్ అడ్డం పెట్టుకుని హైదరాబాద్‌లో పేపరు బాగానే చదివారు. ఫొటో తీయించుకున్నారు. మరుసటి చలికాలానికి ఆ చింతచెట్లు లేవు, బోర్డు ఒక్కటే మిగిలింది. దాన్ని తెచ్చి ఆఫీసు మెట్ల కింద పెట్టారు. నేను అక్కడ ఇంకో ఏడాదికి పైగా పనిచేసి, సర్కారు ఉద్యోగం దొరికాక మానేశాను. నన్ను పంపేటప్పుడు కూడా బజ్జీలు తెప్పించారు.

వేలిముద్ర వేసిన వారానికి సెక్రటరీ గారు ఆ కాగితం తీసుకుని పల్లెకు వెళ్లారు. వాచ్‌మన్ ఇక మా మనిషి కాదని ఊరికి చెప్పాలి కదా. ఊరి పెద్దల ముందు, ఆయన్ని నిలబెట్టి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించారట. సాయంత్రం తిరిగొచ్చి చల్లనీళ్లు తాగుతూ నాకు చెప్పారు.

"లొల్లి పెడతడనుకున్ననమ్మా. ఏం పెట్టలే. అంతా విని ఒక్కటే మాటడిగిండు. గిది ఆ బిడ్డ రాసిందేనా సారూ అని."

"మీరేమన్నారు సార్?"

"అవునన్న" అని గ్లాసు బోర్లించి, రేపటి ఉత్తరాలు తీయమన్నారు.