నేను బిగించిన గేటు

మా డాబా మీద తేనెటీగల పెట్టె ఉందని తెలిసినవాళ్లు మొదట అడిగేది, తేనె ఎంతొస్తుందని. తరవాత, కుట్టవా అని. ఆ రెంటికీ నా దగ్గర సిద్ధంగా జవాబులుండేవి. నిరుడు ఆ పెట్టె ఎందుకు ఖాళీ అయిందని అడిగినవాళ్లకి కూడా ఒక జవాబు చెప్పాను. అది తప్పని తెలిశాక కూడా దాన్ని దాదాపు ఐదు నెలలు అలాగే ఉండనిచ్చాను.

మాది వనస్థలిపురం దగ్గర కాలనీ. ఒక దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. పగటిపూట ఇంట్లో ఏం చెయ్యాలో తోచక ఈ తేనెటీగల పనిలో పడ్డాను. హయత్‌నగర్ దాటాక మామిడితోటలో పెట్టెలు పెట్టుకున్న ఒక రైతు నాకు పని నేర్పాడు. మొదటి పెట్టె, అందులో ఈగల్ని కూడా ఆయనే ఇచ్చాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, సార్ అని పిలుస్తాడు కానీ పెట్టె మూత తీసినప్పుడు మాత్రం గురువు ఆయనే.

పక్కింటి డాబాకీ మా డాబాకీ మధ్య నడుమెత్తు గోడ. ఆ ఇంటావిడ వాళ్లు ఇక్కడివాళ్లే. ఇప్పుడు మా ఇల్లున్న చోట వాళ్ల అత్తగారివాళ్లు జొన్నలు వేసేవారట. కోస్తా నుంచి వచ్చిన మమ్మల్ని మొదటి రోజే పలకరించిన మనిషి ఆమె. పదిహేడేళ్లుగా నన్ను అన్నా అంటుంది, నువ్వు అంటుంది. నేను చెల్లెమ్మా అంటాను. వాళ్ల డాబా మీద బీర, దొండ, టమాటా, అన్నిటికంటే ముఖ్యంగా ఒక చిక్కుడు పందిరి ఉండేవి. ఆ చిక్కుడు కాయకి ఊదారంగు అంచు ఉంటుంది. విత్తనం వాళ్లమ్మది. ఏటా మాఘమాసం చివర్న కొన్ని కాయల్ని తీగ మీదే ఎండనిచ్చి, గింజల్ని బూడిదలో కలిపి డబ్బాలో దాచేది. వానలు పడగానే మళ్లీ వేసేది. అక్కచెల్లెళ్లందరి దగ్గరా ఆ విత్తనం ఎప్పుడో పోయిందనీ, తన దగ్గరే మిగిలిందనీ ఎన్నోసార్లు చెప్పింది. నా ఈగలు సగం బతికింది ఆమె పూల మీదే.

నిరుడు సంక్రాంతి వెళ్లాక పెట్టెలో గుడ్లు తగ్గాయి. రాణి ఈగకి వయసు మీద పడింది. ఈగలు మైనపు గదులు కట్టుకునే చెక్క ఫ్రేముల అంచున వేరుశనగ కాయల్లా కొత్త రాణి గదులు వేలాడుతున్నాయి. ఫోన్ చేస్తే రైతు చెప్పాడు, మంచి గది ఒకటి ఉంచి మిగతావి గిల్లెయ్యమనీ, పాత రాణిని తీసెయ్యమనీ, ఆపైన మూడు వారాలు పెట్టె జోలికి పోవద్దనీ. తీసెయ్యడమంటే చంపడమే. వేళ్లతో నలిపాను. ఆ పని అనుకున్నంత కష్టంగా లేదు.

ఆ సాయంత్రం భయం పట్టుకుంది. మన దేశవాళీ ఈగలు చిన్న కారణం దొరికినా గూడు వదిలి లేచిపోతాయి. మొదటి ఏడాది ఒక గుంపు అలాగే నా కళ్లముందే లేచి, ఎల్బీ నగర్ వైపు పోయింది. మళ్లీ అలా జరక్కూడదని పెట్టె ద్వారానికి రాణి గేటు బిగించాను. సన్నటి చీలికలున్న రేకు ముక్క అది. కూలి ఈగలు అందులోంచి దూరి వస్తాయి, పోతాయి. లావుగా ఉండే రాణి దూరలేదు. రాణి కదలకపోతే గుంపూ కదలదు. కొత్తగా పెట్టెకి అలవాటు చేసేటప్పుడు నాలుగు రోజులు పెట్టి తీసెయ్యాల్సిన సామాను. దాన్ని నేను దిల్‌సుఖ్‌నగర్‌లో రేకులు కోసే కొట్టులో చెప్పి చేయించాను. చీలిక వెడల్పు సరిగ్గా కుదిరేదాకా మూడుసార్లు తిరిగాను. బిగించాక దూరం నుంచి నిలబడి చూసుకుని మురిసిపోయాను.

అక్కడే నేను రెండు సంగతులు మర్చిపోయాను. కొత్తగా పుట్టిన రాణి ఒకసారి బయటికి ఎగిరి, మగవైన పోతుటీగలతో కలిసి రావాలి. అప్పుడే దాని గుడ్లలోంచి కూలి ఈగలు పుడతాయి. రెండోది, పోతుటీగలు కూడా లావే, అవీ ఆ చీలికలోంచి దూరలేవు. ఇవి నాకు తెలియనివి కావు. రైతు చెప్పగా నా చేత్తో నోట్‌బుక్‌లో రాసుకున్నవే. పెట్టె జోలికి పోవద్దన్నాడు కాబట్టి మూత తియ్యలేదు. గేటు ఉందన్న సంగతే మనసులో లేదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ద్వారం దగ్గర చచ్చిన ఈగలు కనపడ్డాయి. గేటు వెనక కుప్పగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే గోడ అవతల ఆమె చిక్కుడు పందిరికి మందు కొడుతోంది. పేనుబంక పట్టిందట. మందు వాసన ఇటు వస్తోంది.

రెండో పక్షాన్ని అడగకుండా వార్త రాయొద్దని ఎంతమంది కొత్తవాళ్లకి చెప్పానో లెక్కలేదు. ఆ పొద్దున నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. చచ్చిన ఈగల్ని ఒక కాగితం మీదికి ఊడ్చి, గోడ దగ్గరికి తీసుకెళ్లి ఆమెకి చూపించాను.

ఆమె చేతిలోని మందు పంపుని నేల మీద పెట్టి చాలాసేపు చూసింది. “నా మందుకేనా అన్నా?”

“ఇంకేముంటుంది చెల్లెమ్మా. రాణి కూడా పోయినట్టే ఉంది.”

గొంతు పెంచలేదు. మెల్లగా, బాధగా అన్నాను. అరిచి ఉంటే ఆమె ఎదురు అడిగేదేమో.

మర్నాడు లేచి చూసేసరికి పందిరి ఖాళీ. తీగనంతా వేళ్లతో సహా పీకేసింది. విత్తనానికని వదిలిన కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అవన్నీ తీగతోపాటే మున్సిపాలిటీ బండిలోకి పోయాయి. నేను చూశాను. అంత పని చెయ్యక్కర్లేదని ఒక మాట అనాల్సింది. నా బాధని గౌరవించిందనుకుని సంతోషించాను.

ఆ నెల కాలనీ అసోసియేషన్ మీటింగులో లేచి, డాబాల మీద మందులు కొట్టొద్దని మాట్లాడాను. ఎవరి పేరూ చెప్పలేదు. పక్క డాబా అన్నాను. నా పక్క డాబా ఏదో అక్కడున్న అందరికీ తెలుసు. వాళ్లాయన ఇంట్లో ఆమెని ఈగల్ని మింగిన తల్లి అని ఆట పట్టిస్తున్నాడని మా ఆవిడ చెప్పింది. ఆమె నవ్వేసేదట. కానీ మంగళవారాలు కర్మన్‌ఘాట్ పోయి హనుమంతుడికి ప్రదక్షిణలు చేసొస్తోందనీ, అన్ని ప్రాణాలు పోయాయి కదా, ఊరికే పోతదా అందనీ కూడా చెప్పింది. నేను పేపర్ చదువుతూ విన్నాను.

మార్చిలో రైతు వచ్చాడు. పెట్టెలో ఈగలు పలచబడుతున్నాయంటే చూద్దామని వచ్చాడు. మూత తియ్యకముందే ద్వారం దగ్గర కూచున్నాడు.

“ఈ గేటు ఎప్పుడు పెట్టినవ్ సార్?”

చెప్పాను. ఆయన ఫ్రేము ఒకటి బయటికి తీశాడు. కూలి ఈగల గదుల మీద మూతలు చదునుగా ఉండాలి. ఇవి బుడిపెల్లా ఉబ్బి ఉన్నాయి, చెల్లాచెదురుగా ఉన్నాయి. రాణి పెట్టెలోనే ఉంది. చలాకీగా తిరుగుతోంది. బయటికి పోలేక, కలవలేక, పెట్టిన ప్రతి గుడ్డూ పోతుటీగే అయింది. పని చేసే ఈగలు ఒక్కొక్కటే ముసలివై పోతుంటే వాటి చోట పుట్టేవి లేవు.

“పిల్లకు పెండ్లి కుదిర్చి, ఇంట్ల పెట్టి తాళమేసినవ్” అన్నాడు.

నేను ఆశగా అడిగాను, పక్కన మందు కొట్టారు, దానివల్ల కూడా అయ్యుంటుందేమోనని. ఫిబ్రవరిలో ఊడ్చి ఆ కాగితంలోనే నేను దాచిన ఈగల్లోంచి ఆయన ఒకదాన్ని వేళ్లతో పట్టి ఎత్తాడు. నల్లగా, లావుగా, పెద్ద కళ్లతో ఉంది. “గివన్నీ పోతులే సార్. మందు తగిలేది పూలకాడికి పొయ్యేటోటికి. గడప దాటనోటికి మందు ఎట్ల తగుల్తది?”

అప్పుడే ఆమె బట్టలు ఆరెయ్యడానికి వచ్చింది. ఆయన్ని చూసి గోడ దగ్గరికొచ్చి, తానే ముందుగా చెప్పింది. తన మందుకే పోయాయనీ, తెలవక చేసిందనీ, మళ్లీ మందు ముట్టుకోలేదనీ. చెప్తుంటే ఆమె చేతిలో తడి చీర నీళ్లు కారుతోంది. ఆయన నా మొహం చూశాడు. నేను ఫ్రేముల్ని పెట్టెలోకి సర్దుతున్నాను. ఆయన నేను చెప్తానేమోనని కాసేపు ఆగాడు. తరవాత, ఏం గాదక్కా అని ఆమెతో అని, చాయ్ కూడా తాగకుండా, ఒస్తా సార్ అని మెట్లు దిగిపోయాడు. మళ్లీ నా ఫోన్ ఎత్తలేదు.

అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పకపోవడానికి నాకు నేను మంచి కారణాలే చెప్పుకున్నాను. మందు కొట్టడం ఎలాగూ తప్పే కదా. పూల మీద కొడితే ఏవో కొన్ని చచ్చే ఉంటాయి కదా. నా మాట వల్ల కాలనీలో పదిమంది మందు మానేశారు, అది మంచిదే కదా. పేపర్లో తప్పు పడితే మర్నాడు లోపలి పేజీలో, ఎవరికీ కనపడని మూల, సవరణ అని నాలుగు లైన్లు వేసేవాళ్లం. ఆ నాలుగు లైన్లు కూడా ఇక్కడ వెయ్యబుద్ధి కాలేదు. ఏప్రిల్ చివరికి పెట్టె ఖాళీ అయింది. మైనపు పురుగు పట్టిన ఫ్రేముల్ని కాల్చేశాను. పెట్టె కడిగి ఎండబెడుతుంటే ఆమె గోడ మీంచి చూసి, పాపం అన్నా అంది.

జూన్ దాటి వానలు పడ్డాయి. అటు డాబా మీద పందిరి ఖాళీగానే ఉంది. పాత డబ్బా అడుగున అంతకుముందు ఏడాది గింజలు పిడికెడు ఉంటే చూసిందట, అన్నీ పుచ్చిపోయాయట. వాళ్లమ్మ విత్తనం తన చేతుల్లో పోయిందని ఆమె మా వంటింట్లో కూచుని ఏడ్చిందని మా ఆవిడ చెప్పింది. ఆరోజు పేపర్ చదువుతున్నట్టు నటించలేకపోయాను. మొదట మా ఆవిడకి చెప్పాను. ఆమె లేచి వెళ్లమన్నట్టు తలుపు వైపు చూసింది.

పక్కింటావిడ వాళ్ల డాబా మీద కుండీలు జరుపుతోంది. గోడ దగ్గర నిలబడి చెప్పాను. “ఈగలు నీ మందుకు పోలేదు చెల్లెమ్మా. నేను చేసిన తప్పుకి పోయాయి.” గేటు గురించి, రాణి గురించి వివరించడం మొదలుపెట్టాను. ఆమెకి అది అక్కర్లేదు.

“ఎప్పుడు ఎర్కైంది?”

“మార్చిలో.”

“గా తోటాయన ఒచ్చిన నాడా?”

“ఆ.”

“గాయనకు నేను చెప్తుంటె నువ్వు పక్కనే ఉంటివి.”

అది ప్రశ్న కాదు. నేను తలూపాను. ఆమె చేతులకున్న మట్టి దులుపుకుంది. పందిరి గుంజల వైపు చూసింది. నేను క్షమించమన్నాను. ఆ మాట ఆమె విన్నదో లేదో తెలీదు.

“మీటింగ్‌ల చెప్పినరు గద సార్” అంది. “గాడనే చెప్పుండ్రి.”

అన్నా పోయింది, నువ్వు పోయింది. రెండూ ఒకే మాటలో పోయాయి.

ఆ వారంలో హయత్‌నగర్ మార్కెట్‌కి పోయి, కూరగాయలమ్మే ముసలమ్మల్ని అడిగి అడిగి మూడు రకాల చిక్కుడు గింజలు తెచ్చాను. ఒకదానికి అంచు ఊదాగానే ఉంటుందన్నారు. ఆమె గింజల్ని అరచేతిలో పోసుకుని వేలితో ఒక్కొక్కటీ తిప్పి చూసింది. ఇవి అవి గావు అని పొట్లం నాకే తిరిగి ఇచ్చింది.

శ్రావణంలో ఒక ఆదివారం మీటింగు. మ్యాన్‌హోళ్లు, కుక్కలు, వినాయకుడి మండపం ఎక్కడ అన్నది. వాటి మధ్యలో నేను లేచాను. మాటలు అలవాటైన మనిషిని కదా, తేనెటీగల కుటుంబ జీవితం గురించి మొదలుపెట్టాను. ఆడవాళ్ల కుర్చీల్లోంచి ఆమె గొంతు వినపడింది. “అసలు సంగతి చెప్పుండ్రి సార్.” అప్పుడు చెప్పాను. ఈగలు చచ్చింది నా గేటు వల్ల. ఆమె వల్ల కాదు. నాకు మార్చిలోనే తెలుసు. చెప్పలేదు.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడతారని నేను సిద్ధపడి వచ్చాను. మూడో వీధిలో గులాబీలు పెంచే ఆయన, మా వైపు నుంచే వచ్చిన మనిషి, వెనక్కి తిరిగి నవ్వుతూ అడిగాడు. “అయితే మందు వల్ల ఏం కాదన్నమాటండీ?” కాదు కాదు, మందు మందే అని నేను మళ్లీ మొదలుపెట్టేసరికి ప్రెసిడెంటు, మీ గేటు సంగతి అయింది కదా సార్, ఇక మ్యాన్‌హోల్ గేటు చూద్దాం అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

వారం తిరక్కుండా ఒక పొద్దున మందు వాసన వచ్చింది. వాసన పట్టుకుని వెళ్తే మూడో వీధి ఆయనే, గులాబీలకి కొడుతున్నాడు. నాకు ఇప్పుడు ఈగలు లేవు. అయినా, పూలున్నప్పుడు పొద్దున్నే కొట్టొద్దండీ, తప్పదంటే చీకటి పడ్డాక కొట్టండి అని చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నాడు. “మీరే కదండీ మీటింగులో చెప్పింది” అన్నాడు. పంపు ఆపలేదు.

తిరిగొస్తుంటే ఆమె వాకిట్లో నీళ్లు చల్లుతోంది. నేను ఎటు పోయొచ్చానో ఆమెకి తెలిసింది. “ఏమన్నడు?” అంది. చెప్పాను. బకెట్ పక్కన పెట్టి, చెప్పులేసుకుని మూడో వీధి వైపు నడిచింది. నేను వెనక పోలేదు. వాళ్ల వాకిట్లోనే నిలబడ్డాను. కాసేపటికి వాసన తగ్గింది.

ఆమె తిరిగొచ్చి బకెట్ అందుకుంది. “పొద్దుమూకినంక కొడ్తడంట” అని, నా వైపు చూడకుండా, మిగిలిన నీళ్లు చల్లింది. నేను నిలబడ్డ చోటు దాకా వచ్చి, నేను జరగడం కోసం ఆగింది.