ప్రళయానికి పనికొచ్చే ఊరు

భీమశంకరరావుగారు ఏ ఊరు వెళ్ళినా ముందు బావిలోకి తొంగిచూసేవారు. మనుషుల మొహాలు చూడడం ఆ తరవాతే. ప్రళయం వస్తే ఆ ఊళ్ళో ఎన్నాళ్ళు బతకొచ్చో ఆయనకి అర్జెంటుగా తెలియాలి.

గోదావరి జిల్లా నుంచి వచ్చి విశాఖపట్నం పోర్టులో గుమాస్తాగా చేరిన ఆయనకి ఈ పిచ్చి డెబ్భై ఒకటి యుద్ధంలో పట్టుకుంది. ఊరు ఊరంతా దీపాలార్పుకుని, కిటికీలకి నల్లకాగితాలు అంటించుకుని కూర్చున్న రోజులవి. అప్పుడు భార్య తాయారు, "బియ్యం రేపటిదాకానే వస్తాయండీ" అంది. యుద్ధం ఆగింది, దీపాలు వెలిగాయి, కాగితాలు చింపేశారు. ఆ మాట మాత్రం ఆయన బుర్రకి అంటుకునే ఉండిపోయింది.

"ఓ పక్క సముద్రం, ఓ పక్క కొండలు. ఏదైనా వస్తే ఎటు పోతామండీ? పల్లెలో పిసరంత నేలుండాలి. బావి ఉండాలి, పాడి ఉండాలి, నాలుగు కూరపాదులుండాలి. ఆయ్."

ఆ పల్లె ఏదో తేల్చుకోవడానికి ప్రతి ఆదివారం బయల్దేరేవారు. తోడు పక్కవాటా జగ్గారావు. అతను పోర్టులోనే క్రేను నడిపేవాడు, ఈ మట్టిలోనే పుట్టినవాడు. భీమశంకరంగారిని "బావా" అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, ఇక్కడ మగాళ్ళ మధ్య స్నేహానికి అదే పిలుపు. మొదటి ఆదివారం సరదాకి వెళ్ళాడు, తరవాత మొహమాటానికి. సైకిలు ఒకటే. తొక్కేది జగ్గారావు, కేరియరు మీద కూర్చుని దారి చెప్పేది ఆయన.

పెందుర్తి పక్క ఓ ఊళ్ళో నీళ్ళు తాగి చూశారు, చిటికెడు మట్టి నాలిక మీద వేసుకున్నారు. తల ఆడిస్తూంటే జగ్గారావు ప్రాణం లేచొచ్చింది.

"అన్నీ బాగున్నాయండి. కానీ వానకి కల్వర్టు మునుగుతుందట."

"ప్రళయమొత్తే ఆ కల్వర్టు మీద ఎవుడొత్తాడు బావా?"

"మనమే కదండీ వచ్చేది."

జగ్గారావు మళ్ళీ పెడలు మీద కాలేశాడు.

జగ్గారావు చెల్లెలికి సంబంధం కుదుర్చుకోడానికి వెళుతూ, చదువుకున్న పెద్దమనిషి ఒకరుంటే బాగుంటుందని ఆయన్ని తీసుకెళ్ళారు. అందరూ పిల్లాడి ఉద్యోగం సంగతి మాట్లాడుతూంటే ఈయన పెరట్లోకి మాయమయ్యారు. తిరిగొచ్చి, "మీ బావి వేసవిలో ఎండుతుందాండీ?" అన్నారు. సంబంధం ఎగిరిపోయిందనే అనుకున్నాడు జగ్గారావు. పెళ్ళికొడుకు తండ్రి మాత్రం కరిగిపోయాడు. "పిల్లకి నీళ్ళ కట్టం రాకూడదని ఇంత ఇదిగా అడిగినోల్లని నాను సూళ్ళేదు బాబూ. ఇంక ముహూర్తం ఎట్టించండి."

సబ్బవరం దగ్గర ఇంకోలా అయింది. ఆయన తాడుకి రాయి కట్టి బావి లోతు చూస్తూంటే ఊరంతా చుట్టూ మూగింది. ఉక్కు ఫ్యాక్టరీకని గాజువాక పక్క ఊళ్ళు ఖాళీ అవుతున్న కాలం. కొలతలంటే జనానికి గుండె దడ.

"ఇక్కడ కూడా ఏటైనా కడతారేటి?" అన్నాడో ముసలాయన.

"అదేటీ లేదు తాతా. మా బావ ప్రళయానికి ఊరు ఎతుకుతన్నాడు" అన్నాడు జగ్గారావు.

ఊరు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. తాటిముంజలు కొట్టిపెట్టింది. వెళ్ళేటప్పుడు ముసలాయన జగ్గారావుని పక్కకి పిలిచి, "మంచోడునాగే ఉన్నాడు. డాట్టరుకి సూపించినారా?" అన్నాడు.

అంతా చేసి చివరికి సబ్బవరం దగ్గర ఆ ఊళ్ళోనే నేల దొరికింది. మెరకనేల, నాలుగు జీడిమామిడి చెట్లు, కొబ్బరినీళ్ళలాంటి బావి. భీమశంకరంగారు మట్టి రుచి చూశారు, కళ్ళు మూసుకున్నారు. "ఇదేనండి" అన్నారు. జగ్గారావు "కానీ" కోసం ఎదురుచూశాడు. రాలేదు. తాయారుని బతిమాలి ఆ నేల కొన్నారు.

ఆ వేసవిలోనే జగ్గారావు మేనత్త అసిరమ్మ వాళ్ళ ఊరు ఫ్యాక్టరీలో కలిసిపోయింది. మొగుడూ పిల్లలూ లేని మనిషి. ఊళ్ళు పోయినవాళ్ళ కాలనీలో ఇంటిస్థలం ఇచ్చారు గాని, ఆమెకున్న రెండు గేదెలకీ అందులో చోటు లేదు. వాటిని తోలుకుని మేనల్లుడింటికి వచ్చింది. సందులో కట్టేస్తే వాటాలవాళ్ళు గొడవ. బేరగాడొచ్చి గేదెల పళ్ళు చూసి, మర్నాడు తోలుకుపోతానని వెళ్ళాడు. అసిరమ్మ అన్నం ముట్టడం మానేసింది.

"ఎవురి పెరట్లోనైనా ఉందువు గాని అత్తా, అడుగుతాను" అన్నాడు జగ్గారావు.

"ఒకల పంచన నానుండను. ఊరికే ఎవులిదీ తిన్లేదు, ఇప్పుడు తినను."

గోడవతల భీమశంకరంగారు పళ్ళు తోముకుంటున్నారు. కాసేపటికి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చారు.

"అసిరమ్మగారూ, నాకో చిక్కొచ్చి పడిందండి."

"ఏటి బాబూ?"

"నేల కొన్నాను గానండి, పరీక్ష పూర్తవలేదు. పశువులకి ఆ నీళ్ళు పడతాయో లేదో తెలియందే ప్రళయానికి ఎలా నమ్ముకుంటాం? ఆదివారంపూట వెళితే తెలిసేది కాదు. పాడి ఉన్నవాళ్ళెవరైనా ఏడాదంతా అక్కడుండి చూసిపెట్టాలండి."

"మొన్న అన్నీ బాగున్నాయన్నావు కదా బా..." అని జగ్గారావు మొదలుపెట్టాడు. ఆయన అతని కాలు గట్టిగా తొక్కారు.

అసిరమ్మ ఆయన్ని తేరిపార చూసింది. "ఏడాదేనా?"

"ఏడాదేనండి."

"పనంటే సేత్తాను" అని లేచి చద్దన్నం పెట్టించుకుంది.

ఏడాది తిరిగింది. నీళ్ళు భేషని అసిరమ్మ చెప్పింది. "నీళ్ళు సరేనండి. పెంకుటిల్లు అక్కడి గాలికి ఆగుతుందో లేదో?" అని ఆయన చిన్న ఇల్లు కట్టించారు. అందులో ఆమే ఉండి చూడాలి మరి. ఆ పై ఏడు గాలివాన వచ్చింది, పెంకు కదల్లేదు. "ఇది చిన్నగాలండి. లెక్కలోకి రాదు." తరవాత పశువులపాకకి పరీక్ష. ఆ తరవాత ఆనపపాదుకి. ఉక్కునగరంలో క్వార్టర్లు లేచాయి, గేదెలు రెండూ నాలుగయ్యాయి, భీమశంకరంగారికి బట్టతల వచ్చింది. పరీక్ష మాత్రం తెమల్లేదు.

ఓ ఆదివారం తాయారుతో సహా అందరూ జీడిమామిడి నీడన కూర్చున్నారు. అసిరమ్మ మజ్జిగ తెచ్చిచ్చి అడిగింది.

"బాబూ, ఈ ఏడు పరీచ్చకి ఏటి మిగిలింది?"

ఆయన చుట్టూ చూశారు. కప్పు చూశారు, బావి చూశారు, పాక చూశారు. వంక పెట్టడానికి ఎక్కడా ఏమీ దొరకలేదు. బట్టతల గోక్కున్నారు. జగ్గారావు కూడా ఆదుర్దాగా ఏదైనా లోపం కోసం వెతికాడు. తాయారు మజ్జిగ గ్లాసులోకి తలదించుకుంది.

ఆయన అవస్థ చూడలేక అసిరమ్మే అందుకుంది. "అల్లక్కడ నిన్ననే పనసమొక్క ఏసినాను. కాయెలాగుంటాదో సూడకుండా నేలని నమ్మేత్తావేటి?"

భీమశంకరంగారి మొహం విప్పారింది. "అవునండోయ్. అది ముఖ్యం. పనస కాపుకి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందండీ?"

"శానా ఏళ్ళు పడతాది బాబూ" అంది అసిరమ్మ, కొంగు మూతికి అడ్డం పెట్టుకుంటూ.

"అయితే ఆగుదామండి. తొందరేముంది" అన్నారాయన.