మెర్లిన్ గారు చెప్పిన అబద్ధం

మెర్లిన్ స్ట్రౌడ్ గారు ముప్పై ఒక్క ఏళ్లు మా ఊరి బడి బస్సు నడిపారు. నేనూ ఆ బస్సెక్కి పెరిగినదాన్నే. చలికాలంలో టోపీ లేకుండా ఎక్కితే, "చెవులు ఊడి నా బస్సులో పడితే మీ అమ్మకి ఎవరు జవాబు చెప్తారు, కాలీన్?" అని కసిరేవారు. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు. ఇద్దరి వంతు మాటలూ భార్య ఆర్డిత్ గారే మాట్లాడేవారు.

రెండేళ్ల కిందట మా కౌంటీ, అంటే మా జిల్లా, అంబులెన్స్ స్టేషన్ మూసేశారు. ఆ చలికాలమే ఆవిడ పోయారు. స్టేషన్ మళ్లీ తెరవాలంటే నవంబరులో జనం ఓటెయ్యాలి. ఆ ప్రచారానికి ఈమెయిళ్లు రాసే పని నేను నెత్తికెత్తుకున్నాను. బడి ఆఫీసులో గుమాస్తాని, నాకు కొమ్ములొచ్చాయి.

అక్టోబరులో ఒకరోజు మెర్లిన్ గారు తన వంటింట్లో నాకు గుమ్మడికాయతో చేసిన తీపి పై ముక్క కోసిపెట్టి, ఉన్నట్టుండి మొదలుపెట్టారు.

"నలభై నిమిషాలు, అమ్మాయ్. నేలమీద ఆర్డిత్ తల ఒళ్లో పెట్టుకుని కూచున్నా. అంబులెన్స్ వాళ్లు వచ్చారా అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ మన మలుపు తిరిగారన్నా. అప్పటికి వాళ్లు పక్క కౌంటీ కూడా దాటలేదు." ఇంకో పై ముక్క నా పళ్లెంలో వేస్తూ, "జోన్‌కి మాత్రం అమ్మ నిద్రలోనే పోయిందని చెప్పా. నీలోనే ఉంచుకో," అన్నారు.

జోన్ ఆయన కూతురు, కొలంబస్ నగరంలో ఉంటుంది. "ఉంచుకుంటాను," అన్నాను.

మేం వాడే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌కి ఒకే ఉత్తరం రెండు రకాలుగా రాసివ్వాలి. ముందు కొద్దిమందికి రెండూ పంపుతుంది. నాలుగు గంటల్లో ఏది ఎక్కువమంది తెరిస్తే, దాన్ని మిగతా జాబితాకంతా తనే పంపేస్తుంది. మొదటి దాంట్లో లెక్కలూ పటాలూ పెట్టాను. రెండోదాంట్లో ఆయన చెప్పిందంతా రాశాను. దాని శీర్షిక: "మలుపు తిరిగారని నా భార్యకి అబద్ధం చెప్పాను." పేరు పెట్టలేదుగా అని సర్దిచెప్పుకున్నాను. భార్యని ఒళ్లో పెట్టుకుని నలభై నిమిషాలు కూచున్న బస్సు డ్రైవరు మా కౌంటీలో ఎంతమందిట!

నాలుగు గంటల్లోపు ఆయన్ని అడుగుదాం, వద్దంటే ఆపేద్దాం అనుకున్నాను. చర్చి విందులో సూప్ వడ్డిస్తూ మరిచిపోయానని అందరికీ చెప్పాను. అదీ అబద్ధమే. బాగా గుర్తుంది. అడిగితే వద్దంటారని తెలుసు, అందుకే అడగలేదు.

రెండోదే నెగ్గి, పదకొండు వేలమందికి వెళ్లింది. వాళ్లలో జోన్ ఉంది. తండ్రి మాట మీదే మా జాబితాలో చేరిందట. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నాది నోరు జారడం కూడా కాదు, కావాలనే చేశాను.

మర్నాడు ఆయన బడి ఆఫీసుకొచ్చారు. కేకలేస్తారనుకున్నాను. వేసినా బాగుండేది.

"జోన్ ఫోన్ చేసింది. ఇంకేం దాచావు నాన్నా, అని పెట్టేసింది. మళ్లీ ఎత్తట్లేదు."

"స్ట్రౌడ్ గారూ, అది... కంప్యూటరే పంపేసింది, దానంతటదే."

"రాసింది కూడా అదేనా?"

ఆయన తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయారు.

రెండు వందల పన్నెండు ఓట్ల తేడాతో గెలిచాం. స్టేషన్ తెరిచారు. మొన్న మా వీధిలో ఒకాయన గుండె పట్టుకుని కూలబడితే తొమ్మిది నిమిషాల్లో వచ్చి బతికించారు. "అంతా నీ ఉత్తరం చలవే," అని అతని భార్య నన్ను వాటేసుకుని ఏడ్చింది. ఆ ఉత్తరం పంపకుండా ఉండాల్సిందని నేను అనలేను. నన్ను తినేసేది అదే.

గెలిచిన వారానికి జాబితాలోంచి ఒక పేరు తీసెయ్యమని కబురొచ్చింది: మెర్లిన్ స్ట్రౌడ్. ఎందుకు తప్పుకుంటున్నారో చెప్పమని ఒక గడి ఉంటుంది, దాన్నీ నేనే పెట్టించాను. అందులో ఆయన రాసింది: "నీకు తెలుసు, కాలీన్."