టీసారు పిలిస్తే

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఎదురుగా ఉంటే సూపర్‌వైజర్ గారు, వెనక్కి తిరిగితే టీసారు. ఆ రెండో పేరు వెటకారానికి పెట్టింది కాదు, భయానికి పెట్టింది.

పన్నెండేళ్ళ క్రితం, ఆయనింకా చిన్న పనిలో ఉన్నప్పుడు, పాత సూపర్‌వైజర్ మనుషుల్ని పనిలోంచి తీసే తీరు కళ్ళారా చూశాడు. గేటు దగ్గర నిలబెట్టి, పదిమందీ వినేలా, "రేపట్నుంచి రానక్కర్లేదు" అనేవాడు ఆ మహానుభావుడు. ఒకసారి ఆ మాట విన్న మనిషి క్యారేజీ చేతిలో ఉండగానే గేటు ఊచల మీదుగా కిందికి జారి కూలబడ్డాడు. ఆ రోజే మనవాడు ఒట్టు పెట్టుకున్నాడు. తన చేతుల మీదుగా ఎవరినైనా పంపాల్సి వస్తే తలుపు వేసి, కూర్చోబెట్టి, చేతిలో గ్లాసుడు టీ పెట్టి చెప్పాలని. ఉద్దేశం మంచిదే, కాదనలేం. కానీ మంచి ఉద్దేశం కూడా పన్నెండేళ్ళు నిలవుంటే పులుస్తుంది.

ఆఫీసు ఆయా ట్రే పట్టుకుని హాలు మధ్య నుంచి ఆయన గది వైపు నడిస్తే అందరి కళ్ళూ ట్రే మీదే. ఒక గ్లాసైతే ఊపిరి పీల్చుకుంటారు, అది ఆయన కోసం. రెండు గ్లాసులైతే కోత యంత్రం దగ్గర మాటలు ఆగిపోతాయి, అంటించే బల్లల దగ్గర చేతులు ఆగిపోతాయి. ఎవరికో నూకలు చెల్లినట్టే.

ఈసారి పెట్టెలు కొనే పెద్ద కంపెనీ ఒకటి చెయ్యి వదిలేసింది. రెండు యంత్రాలు ఆగాయి. ఆరుగురిని తీసేయమన్నాడు యజమాని. చివర వచ్చినవాళ్ళు ముందు వెళ్ళాలన్నది అక్కడి పద్ధతి, ఆ ప్రకారం పేర్లు రాయాల్సింది టీసారే. ఐదు పేర్లు గబగబా రాశాడు. ఆరో పేరు దగ్గర కలం మొరాయించింది. అది ఆయన బావమరిదిది. నాలుగేళ్ళ క్రితం తనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కోత యంత్రం ముందు నిలబెట్టాడు. ఇప్పుడు వాడింట్లో నెలల బిడ్డ.

ఐదుగురికీ చెప్పేశాడు. ఆరోది మాత్రం రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చాడు. యజమాని ఊరుకోలేదు. "శుక్రవారం పదింటికల్లా తేల్చెయ్" అన్నాడు.

గురువారం పొద్దున వాన దంచి కొడుతోంది. జిగురక్క ఆయన గదిలోకి వచ్చింది. పెట్టెల అంచులకి జిగురు రాసి అంటించడం ఆవిడ పని. పంతొమ్మిదేళ్ళుగా అదే బల్ల, అదే స్టూలు, కదిలించినా కదలదు కాబట్టి ఆ పేరు ఇంకా గట్టిగా అంటుకుంది. జాబితాలో ఆవిడ పేరు లేదు, ఉండే అవకాశమూ లేదు. తల్లిని కంటి డాక్టరుకి చూపించాలని, పూట సెలవు అడగడానికి వచ్చింది. నిలువునా తడిసి గజగజ వణుకుతోంది. జల్లు లోపలికి కొడుతోందని ఆయన లేచి తలుపు వేశాడు.

"కూర్చో అక్కా" అన్నాడు. తలుపు సందులోంచి ఆయాకి కేకేసి, రెండు టీలు తెమ్మన్నాడు.

జిగురక్క మొహంలో నెత్తురుచుక్క లేదు. ఏదో అనబోయింది.

"నువ్వేం చెప్పక్కర్లేదులే. మీ అమ్మ సంగతి నాకు తెలుసు. వెళ్ళు, ఇక్కడ పని నేను చూసుకుంటా."

ఆవిడ టీ అడుగుదాకా తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ జోడించింది. "అర్థమైంది సార్. వస్తాను" అంది. సెలవిచ్చినందుకు ఇంత దండం ఎందుకో అనుకున్నాడు మన అమాయక చక్రవర్తి.

మధ్యాహ్నం హాల్లోకి వెళ్తే జిగురక్క స్టూలు బల్ల మీద తలకిందులుగా ఉంది. అన్నం డబ్బా లేదు. కుంచె శుభ్రంగా కడిగి పక్కామె చేతికిచ్చి పోయిందట.

"పంతొమ్మిదేళ్ళ మనిషికే టీ ఇచ్చారు. ఇంక మేమెంత సార్?" అంది పక్కామె, తల ఎత్తకుండా.

ఆయన గేటు వైపు పరిగెత్తబోతుంటే మెట్ల మీద యజమాని ఎదురయ్యాడు.

"జిగురామెని పంపేశావటగా? మంచి పని చేశావ్. లెక్క సరిపోయింది. మీ బావమరిదిని ఉంచుకో ఇక."

అప్పుడే నోరు విప్పాల్సింది. విప్పలేదు. విప్పితే ఆవిడ తిరిగొస్తుంది, మూసుకుంటే వీడు నిలబడతాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. తల ఊపి ముందుకు నడిచాడు. ఆ తల ఊపినందుకు సాయంత్రం దాకా తనని తాను తిట్టుకున్నాడు.

ఇంటికెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. తమ్ముడు అప్పటికే కబురు చెప్పినట్టున్నాడు, మొహం వెలిగిపోతోంది. ఆయన చెప్పులు కూడా విడవకుండా జరిగిందంతా చెప్పాడు. వెలుగు ఆరిపోయింది.

"ఆవిడంతట ఆవిడే వెళ్ళిందిగా! మీరు పొమ్మన్నారా?"

"పొమ్మనలేదు. టీ ఇచ్చాను."

"అయితే అన్నట్టే" అంది నీరసంగా. "నా తమ్ముడి బిడ్డ మొహం గుర్తొస్తే మాత్రం నేను మిమ్మల్ని వెళ్ళి ఆవిణ్ణి పిలుచుకు రమ్మని చెప్పలేను. వద్దనీ చెప్పలేను" అంది.

శుక్రవారం తెల్లవారగానే జిగురక్క ఇంటి ముందు నిలబడ్డాడు. ఒక గది, మంచం మీద కళ్ళకి గుడ్డ కట్టుకున్న ముసలమ్మ. జిగురక్క ఆయన్ని ఎగాదిగా చూసింది.

"రండి సార్. కూర్చోండి. టీ పెట్టనా?"

కత్తితో కోసినా అంత బాధపడేవాడు కాదు. "వద్దక్కా. నిన్ను తియ్యలేదు. నీ పేరు అసలు లేనే లేదు."

"మరి టీ ఎందుకిచ్చారు?"

"తడిసి వణుకుతున్నావని."

జిగురక్క నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "ఇన్నేళ్ళలో ఒక్కరికి, ఒక్కసారి ఊరికే ఇచ్చి ఉంటే, నాకు తెలిసేది కదా సార్."

ఆవిడ డబ్బా చంకన పెట్టుకుంది, చెప్పులేసుకుంది. గుమ్మం దాటుతూ ఆగింది.

"నేనొస్తే ఎవరు పోతారు?"

"మా బావమరిది."

"అయ్యో" అంది జిగురక్క. అయినా ఆయన వెనకే నడిచింది.

ఫ్యాక్టరీకి చేరగానే యజమానితో ఉన్నమాట చెప్పేశాడు. పదికి ఐదు నిమిషాలుండగా బావమరిదిని గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు. ఆయాని మాత్రం పిలవలేదు. ఆ టీ అంటేనే ఒళ్ళు జలదరిస్తోంది ఆయనకి. ఈ ఒక్కడికైనా ముసుగు లేకుండా చెప్పాలనుకున్నాడు.

"ఒరేయ్, నిన్న విన్నది తప్పు. ఆరో పేరు నీదే. రాసింది నేనే. ఇవాళే ఆఖరు."

బావమరిది గోడ గడియారం వైపు చూశాడు, ఖాళీగా ఉన్న బల్ల వైపు చూశాడు.

"అందరికీ ఇచ్చావుగా బావా. నాకు టీ కూడా లేదా?"

ఆయన లేచి వెళ్ళి, ఆయాని పక్కకి జరగమని, టీ తనే పెట్టాడు. రెండు గ్లాసుల్లో పోసి, ట్రే తనే పట్టుకుని హాలు మధ్య నుంచి నడిచాడు. ఈసారి కూడా బల్లల దగ్గర చేతులన్నీ ఆగిపోయాయి. జిగురక్క మాత్రం తల దించుకుని అంటించుకుంటూనే ఉంది, కళ్ళనీళ్ళు అట్ట మీద పడుతున్నా.

బావమరిది తొందరపడకుండా తాగాడు. ఆయన తన గ్లాసు ముట్టుకోలేదు.

"తాగు బావా, చల్లారిపోతుంది" అన్నాడు వాడు. "మా అక్కకి నేనే చెప్తాలే."