పరగడుపున సూది

కౌసల్య సిస్టర్ నోరు తెరిచిందంటే వరండాలో పడుకున్న కుక్కలు కూడా లేచి గేటు అవతలికి పోయేవి. దేవరకొండ దాటాక వచ్చే ఆ ముప్పై పడకల సర్కారు దవాఖానలో ఆమెది పదకొండేళ్ల సర్వీసు. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. ఆమెకు రెండూ ఉన్నాయి. ప్రతి మంచం దగ్గరికీ తిరిగేది, ప్రతి మంచానికీ ఒక తిట్టు పంచేది. జనం ఆమెకు ఎర్రకారం సిస్టరమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఆమె చెవిన పడింది కూడా. బాధపడకపోగా లోలోపల మురిసింది.

"మెత్తగ చెప్తే ఈళ్ల తలకెక్కదు" అనేది ఆమె సిద్ధాంతం. అది ఊరికే పుట్టలేదు. భువనగిరి దగ్గర కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, నర్సింగు బడిలో వేళ్ల కణుపుల మీద స్కేలు దెబ్బలు తింటూ పాఠం నేర్చిన మనిషి. మొదటి ఉద్యోగం అచ్చంపేట వైపు. అక్కడ ఒక బాలింతకు "పిల్లకు జరమొస్తే ఎంటనే తోల్కరా తల్లీ" అని బతిమాలినట్టు చెప్పింది. జ్వరం వచ్చింది, వాళ్లు తీసుకురాలేదు, పిల్ల దక్కలేదు. ఆనాటితో కౌసల్య బతిమాలడం మానేసి తిట్టడం మొదలుపెట్టింది. ఆమె కోపానికి కారణం లేదని ఎవరూ అనలేరు. కానీ ఆ పాత కోపం కొత్తగా వచ్చిన ప్రతివాళ్ల మీదా కక్కితే ఎలా?

ఒక మంగళవారం షుగర్ రోగుల వరుస గేటు దాకా ఉంది. ఆ వరుసలో గొర్లకాపరి గురవయ్య వంతు వచ్చింది. అరవై ఏళ్లవాడు, మాత్రలకు షుగర్ లొంగడం లేదు. డాక్టరు దివాకర్ ఇన్సులిన్ రాసి, ఇంట్లో సూది ఎలా వేయాలో నేర్పమని కౌసల్య దగ్గరికి పంపాడు. నేర్చుకోవడానికి ముందుకొచ్చింది గురవయ్య భార్య బక్కమ్మ.

"సూది నాకు ఎరుకేనమ్మా. వానలు పడకముందు మా గొర్లన్నిటికీ నేనే ఏస్త" అంది కొంచెం గర్వంగానే.

"నీ మొగుడు గొర్రెనా? నోరు మూస్కొని చెప్పింది ఇను."

వరుసంతా నవ్వింది. గురవయ్య తల వంచుకున్నాడు.

"పొద్దుగాల లేవంగనే, పరగడుపున. బొడ్డు పక్కన, తోలు కింద. పదహారు పాయింట్లు. సీసా నీళ్లకుండ పక్కన సల్లగ పెట్టాలె. సమజైందా, మట్టి బుర్రా?"

"సూది ఏసినంక మరి..." అని బక్కమ్మ ఏదో అడగబోయింది.

"ఎన్కల ముప్పై మంది నిలబడ్డరు, కండ్లు కనబడ్తలేవా? పో!"

బక్కమ్మ వెళ్లిపోయింది. కౌసల్య రిజిస్టరులో 'వివరించడమైనది' అనే ముద్ర కొట్టి, కింద సంతకం గీకింది.

శుక్రవారం పొద్దున పదింటికి గురవయ్యను ఆటోలో వేసుకొచ్చారు. ఒళ్లంతా చెమట, పళ్లు గిట్టకరచుకున్నాయి, పిలిస్తే పలకడు. షుగర్ పూర్తిగా పడిపోయింది. దివాకర్ నరానికి గ్లూకోజు ఎక్కిస్తే పావుగంటకు కళ్లు తెరిచాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే గొర్ల దొడ్లోనే పోయేవాడు.

"సూది వేశాక ఏం పెట్టావమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"ఏం పెట్టలే సారూ. పొద్దెక్కేదాక కడుపు కట్టిన" అంది బక్కమ్మ, మంచి పని చేసిన మనిషిలా. "గొర్లకు కడుపుల పురుగులు పోను నట్టల మందు తాపితే మేతకు ఇడువం గద. మందు మీద మేత పడితే మందు పారదు. మూడు దినాల సంది గట్లనే చేస్తున్న. రెండు దినాలు ఓర్సుకున్నడు, ఇయ్యాల పడిపాయె."

దివాకర్ కౌసల్య వైపు తిరిగాడు. "వేసిన అరగంటకు తినాలని చెప్పారా, సిస్టర్?"

కౌసల్యకు ఆ మంగళవారం, ఆ వరుస, సగంలో తెగిన బక్కమ్మ ప్రశ్న, అన్నీ గుర్తున్నాయి. చెప్పలేదు. చెప్పలేదని తెలుసు.

"చెప్పిన సర్. సంతకం గూడ ఉంది. చెవిటోని ముందు శంఖం ఊదినట్టే, ఈళ్లు ఇంటరా?"

ఇక అందరూ బక్కమ్మ మీద పడ్డారు. డాక్టరు మందలించాడు. ఆటో తెచ్చిన గురవయ్య తమ్ముడి కొడుకు మల్లేశ్, "పెద్దమ్మా, పెద్దనాయిన పానం తీస్తుంటివి గదనే" అని వార్డంతా వినబడేలా అరిచాడు. సాయంత్రానికి ఊళ్లో తెలిసింది. గురవయ్య చెల్లెలు బిక్షమ్మ వచ్చి మంచం పట్టె పట్టుకుని తేల్చేసింది: "ఇగ ఈమె చేతి సూది మా అన్నకు వద్దు." మరి ఎవరు వేస్తారు? ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. సూది లేకపోతే గురవయ్య లేడు. ఆ సంగతి బక్కమ్మకు తెలుసు, కౌసల్యకు ఇంకా బాగా తెలుసు. తెలిసీ రెండు రోజులు ఆ మంచం వైపు చూడకుండా తిరిగింది, పక్క మంచాల వాళ్లను రెట్టింపు తిట్టింది.

ఆదివారం గురవయ్యను ఇంటికి పంపే వేళ బక్కమ్మ వచ్చి కౌసల్య బల్ల ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"లే, తొవ్వకడ్డం" అంది కౌసల్య.

"లేవ. ఆ దినం నువ్వు చెప్పిన మాటలన్ని నాకు నోటికున్నయ్. ఇను." బక్కమ్మ గొంతు గొర్లను అదిలించే గొంతు. వార్డులో చివరి మంచం దాకా వెళ్లింది. "నీ మొగుడు గొర్రెనా. నోరు మూస్కో. పరగడుపున. బొడ్డు పక్కన. పదహారు. నీళ్లకుండ పక్కన. మట్టి బుర్ర. కండ్లు కనబడ్తలేవా. పో. గిండ్ల తిండి అన్న మాట యాడుందో ఏరి సూపెట్టు. నేను అడగబోతే ఎల్లగొడ్తివి. నువ్వు చెప్పకపోతివి, నాకు తెల్సింది గొర్ల సంగతే, గదే చేస్తిని. నా మొగని సంపబోయింది నేనా, నువ్వా?"

అరికాలి మంట నెత్తికెక్కి కౌసల్య లేచి నిలబడింది. తిట్టు నాలుక కొస దాకా వచ్చింది. మల్లేశ్ చూస్తున్నాడు, బిక్షమ్మ చూస్తోంది, గుమ్మంలో దివాకర్ ఆగి ఉన్నాడు. మంచం మీద గురవయ్య ఒక్కడే ఆమె వైపు చూడటం లేదు. మంగళవారం లాగే తల వంచుకుని ఉన్నాడు. ఆ వంగిన తల చూసేసరికి కౌసల్యకు సిగ్గేసింది. తిట్టు మింగేసింది.

"నేను చెప్పలే" అంది.

"గట్టిగ. తిట్టేటప్పుడు గట్టిగనే ఉంటది గద నీ నోరు."

"నేను చెప్పలే! ఆమె తప్పు లేదు. సారు ముంగట అబద్ధమాడిన."

దివాకర్ ఏదో అనబోతే బక్కమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. బక్కమ్మ మెత్తబడలేదు. "ఇగ జెప్పు" అంది. కౌసల్య చెప్పింది. సూది వేసిన అరగంటలోపు తినాలని, చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే చక్కెర నోట్లో వేయాలని, గొర్లెంబడి పోయేటప్పుడు బెల్లం ముక్క మూట కట్టాలని. బక్కమ్మ ఒక్కో మాటా తిరిగి అప్పజెప్పింది. బిక్షమ్మతోనూ అప్పజెప్పించింది. పోతూ పోతూ దండం పెట్టలేదు.

కౌసల్య మారిపోయి దేవత అయిందంటే ఆ దవాఖానకు పోయేవాళ్లెవరూ నమ్మరు. గొంతు అదే. కాకపోతే ఇప్పుడు చివరన "నేనేం చెప్పిన్నో మళ్ల చెప్పు" అని గదమాయిస్తుంది. కొత్తవాళ్లు అదొక కొత్త తిట్టనుకుని బెదిరిపోతారు.

గురవయ్య గొర్లెంబడి పోతూనే ఉన్నాడు. ప్రతి నెలా మందు సీసా కోసం బక్కమ్మ వస్తుంది. కౌసల్య అడగకముందే నిలబడి అప్పజెబుతుంది: "పరగడుపున, బొడ్డు పక్కన, పదహారు, అరగంటల తిండి. తిండి మాట మొదలు నువ్వు చెప్పలే."

ఆ చివరి ముక్క తప్పని కౌసల్య ఏ నెలా అనలేదు. వరుసంతా వింటుండగా "సరిగనే చెప్పినవ్" అని సీసా చేతికిస్తుంది.