మోకాటిలో నీళ్ళు

పక్కింట్లో వావిలాకు ఉడుకుతోంది. ఆ ఘాటు గోడ దాటి వచ్చిందంటే ఎవరికో మోకాలు వాచిందన్నమాటే. నిన్న ఆ ఇంటి కోడలు వచ్చి, "నీవు ఆస్పత్రిలో పని చేసినదానివి గదా అత్తా, ఒక తూరి సూడు" అని కాలు చాపింది. చెయ్యి వెయ్యగానే సలోమమ్మ గుర్తొచ్చింది. ఈ కాలపువాళ్ళెవరికీ ఆమె తెలియదు.

అప్పటికింకా తెల్లదొరల కాలమే. సలోమమ్మ కోవిల్‌పట్టిలో ఒక చిన్న మిషన్ ఆస్పత్రికి నర్సు. మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేది. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి పుట్టింటికి చేరిన నన్ను, చుట్టాలు నానా మాటలూ అంటున్నా లెక్కచేయక, మా నైనే తీసుకెళ్ళి ఆమెకు అప్పగించాడు. కళుగుమలై దగ్గర నల్లరేగడిలో పత్తి పండించే రైతు ఆయన. "మూల పడేసేదానికి నా కూతురేమి విరిగిన కాడిమానా?" అన్నాడు. సలోమమ్మ నవ్వింది. ఆమె నవ్వడం చాలా అరుదని నాకు తర్వాత తెలిసింది.

ఆమె నాకు నేర్పిన మొదటి విద్య మోకాళ్ళది. "బాగుండే కాలు ముందు సూడు. అది తెలిస్తేదా చెడిన కాలు తెలిసేది" అనేది. ఎడమచేతితో మోకాటి పైన అదిమి లోపలి నీటిని కిందికి తోయాలి. కుడిచేతి వేళ్ళతో చిప్పను తట్టాలి. నీరుంటే చిప్ప మునిగి, ఎముకకు టక్కున తగిలి, కుండలో కొబ్బరిచిప్పలా మళ్ళీ తేలుతుంది. ఆ తర్వాత అరచేతి వెనకవైపు ఆనించి చూడాలి. చల్లగా ఉంటే కట్టు కట్టి, కాలు దిండు మీద పెట్టించి, మూడు వారాలు గొంతుక్కూర్చోవద్దని చెప్పాలి. ఎర్రగా కాలుతూ జ్వరం కూడా ఉంటే అది చీము. పూట ఆగకుండా రైలెక్కించి విరుదునగర్ పెద్దాస్పత్రికి పంపాలి.

ఒక బండివాడికి నెల రోజులు కట్టు కట్టినా వాపు తగ్గలేదు. డాక్టరు రాని వారాల్లో ఆయన చెప్పిన ప్రకారం సలోమమ్మే సూది వేసేది. బోలు సూదితో గ్లాసుడు పసుపుపచ్చ నీళ్ళు తీసింది. "బావిలో ఊరని నీళ్ళు నా కాల్లో ఊరెనే! సేనికి పారగట్టుకోనా?" అంటూ వాడు లేచి నడిచి వెళ్ళాడు.

ఆ ఆదివారం ఇంటికెళ్ళి ఆ కథ ఎంత గొప్పగా చెప్పానో! సూది ఇంత పొడవని వేలు చూపించాను. నైన నోరు తెరుచుకుని విన్నాడు. అక్షరమ్ముక్క రాని నేను ఇంటిల్లిపాదికీ పాఠం చెబుతుంటే గర్వం నెత్తికెక్కింది.

ఐప్పసి నెలలో, వానల కోసం ఎదురుచూసే రోజుల్లో, నైన గట్టు మీదనుంచి జారిపడ్డాడు. నేనే తట్టి చూశాను. చిప్ప తేలింది, మోకాలు చల్లగానే ఉంది. సలోమమ్మ కట్టు కట్టి, "మూడు వారాలు మడక ముట్టొద్దు అన్నా" అంది. పదో రోజే వాన పడింది. మా నేలలో పదును నాలుగు రోజులు నిలవదు, ఆ నాలుగు రోజుల్లో విత్తు పడకపోతే ఏడాదంతా పస్తే. నైన మా చిన్నాయన చేత, పత్తి బోరాలు కుట్టే దబ్బనంతో, మోకాలు పొడిపించుకున్నాడు. నీళ్ళు కారాయి. రెండు రోజులు మడక పట్టి చేను దున్నాడు.

పొడిపించుకున్న ఆరో రోజు బండిలో వేసి నా దగ్గరికి తెచ్చారు. చెయ్యి ఆనించకముందే సెగ తగిలింది. రైల్లో విరుదునగర్ చేర్చాం. తొడ దగ్గరికి కాలు తీసేశారు, అయినా విషం ఒళ్ళంతా పాకింది. "నువ్వు చెప్పినట్టుదా చేసితిమి పాపా. నీళ్ళూ వచ్చె. మళ్ళ ఏల ఇట్లాయె?" అని అడిగాడు. నన్ను తప్పు పట్టడానికి కాదు, నిజంగానే తెలియక. నేను సూది సంగతి చెప్పాను, ఆ సూదిని అరగంట ఉడకబెట్టిన సంగతి చెప్పలేదు. ఉడకబెట్టడంలో కథేముంది, ఎవరు వింటారు? నైన మూడో రోజు పోయాడు.

కర్మలయ్యాక పనిలోకి వెళ్ళాను. సలోమమ్మ నా ఎదురుగా కూర్చుంది.

"సూది ఏల ఉడకేసేదో నీకు నేను ఎన్నడన్నా చెప్పితినా? చెయ్యి, చెయ్యి అని చేయిస్తిని గాని, ఏల అనేది చెప్పలేదు గదా?"

చెప్పింది. చేరిన రోజే చెప్పింది. కంటికి కనిపించని మురికి మొనకు అంటి ఉంటుందని, అది లోపలికి పోతే మనిషిని తినేస్తుందని, నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు చెప్పింది.

"లేదక్కా, చెప్పలేదు" అన్నాను.

ఆ మర్నాటినుంచి, ఆస్పత్రి తలుపు తీసేముందు చేసే ప్రార్థనలో, ఆమె మా నైన పేరు చెప్పి తన తప్పు మన్నించమని దేవుణ్ణి అడిగేది. ఆమె కన్ను మూసేదాకా, ఏడేళ్ళు, ప్రతి ఉదయం పక్కన నిలబడి విన్నాను. ఒక్కనాడూ నోరు విప్పలేదు.